అల్లుడి సంతకం

రత్తయ్య చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికొచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడ్డప్పుడే లాయరు బాలాత్రిపురసుందరికి విషయం అర్థమైపోయింది. పని చేయించుకోడానికి వచ్చినవాళ్ళు కూర్చుంటారు. ఫైలు పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళే ఇలా గోడవార నిలబడి కేలెండరు చూస్తుంటారు.

"అదేనమ్మా, మన పాత వీలునామా ఉంది కదా. పిల్లలు ఒకసారి చూస్తామన్నారు" అన్నాడు రత్తయ్య, కేలెండరుతోనే.

"చూడ్డానికైతే జిరాక్స్ ఇస్తాలే."

"అసలే తెమ్మన్నారమ్మా."

"ఎవరూ? మీ అబ్బాయి చక్రీనా?"

"చక్రి కాదమ్మా. ఆ బెంజి సర్కిల్ దగ్గర లాయరమ్మ. మీ దగ్గర పనిచేసిన పిల్లేనంట కదా. మావాడు ఫోన్లోనే టైము బుక్ చేశాడు. ముందర ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మాట్లాడతారంట, ఆనక వీడియో తీస్తారంట." రత్తయ్య మొహంలో భయమూ ఉంది, సరదా కూడా ఉంది. ఆ సరదా చూసే ఆవిడకి ఒళ్ళు మండింది. కూచిపూడి పక్క పల్లెటూర్లో మూడెకరాల మాగాణి ఉన్న మనిషికి వీడియో ఏమిటి? పదిహేనేళ్ళుగా ఈ గదిలో, ఈ కుర్చీలో కూర్చుని, పొలానికి నాలుగు పక్కలా హద్దులు నోటితో చెప్పి రాయించుకున్న మనిషి!

"ఛాయా, రత్తయ్యగారి ఫైలు తియ్యి" అంది, గొంతులో ఏమీ తెలియనివ్వకుండా.

టైపిస్టు ఛాయాదేవి బీరువా తలుపు కిర్రుమనిపించి తీసింది. అందులోంచి ఫైలు బయటికి రావడం ఈ నెలలో ఇది నాలుగోసారి. ఆవిడ లెక్కపెట్టడం లేదనుకుంది గానీ, ఛాయాదేవి పెడుతోందని వెనక నుంచి వచ్చిన నిట్టూర్పులోనే తెలిసింది.

రత్తయ్య మెట్లు దిగాక, అప్పటిదాకా బల్లకి అటువైపు ఓపిగ్గా కూర్చున్న మంగళగిరి దంపతుల వైపు తిరిగింది. చీరల కొట్టు ఆయనా, భార్యా, కూతురూ, అల్లుడూ. అప్పటికి ఆయన అన్ని కాగితాల కిందా సంతకాలు పెట్టేశాడు. ఆఖరి పేజీలో ఖాళీగా మిగిలిన చోట ఆవిడ అడ్డంగా గీత కొట్టి, ఆ గీత మీద కూడా పెట్టించింది. మనిషి పోయాక ఖాళీ జాగాలో ఎవడో ఏదో ఇరికిస్తాడని ఆవిడ భయం. ఇక మిగిలింది సాక్షులు.

"ఒకటి మా ఛాయ పెడుతుంది. రెండోది మీ అల్లుడుగారు."

అల్లుడు ఉలిక్కిపడ్డాడు. "నేనెందుకండీ, ఇల్లు రాస్తోంది మా ఆవిడకే కదా?"

"అందుకే నాయనా" అని పెన్ను అతని చేతిలో పెట్టింది. "రేపు మీకూ మీ బావమరిదికీ ఏదైనా తేడా వచ్చి, మామగారికి అప్పుడు మతి సరిగ్గా లేదని ఎవరన్నా అన్నారనుకో, ఆయన నా కళ్ళెదుట శుభ్రంగా చదువుకుని సంతకం పెట్టాడని నువ్వే చెప్తావు. నీ వాటా తగ్గిందని తర్వాత నువ్వు గొడవ పెట్టుకుందామన్నా కుదరదు. అల్లుడు సంతకం పెట్టాడంటే ఇంక ఇంట్లో ఎవరూ నోరెత్తలేరు."

మామగారు తృప్తిగా నవ్వాడు. ఇది ఆవిడ ముప్పై ఏళ్ళ పద్ధతి. అల్లుడు లేకపోతే కోడలు, కోడలు లేకపోతే తోడల్లుడు. గవర్నర్‌పేటలో ఈ మేడ మీది గదిలో రాసిన వీలునామా ఒక్కటీ కోర్టులో ఓడిపోలేదని ఆవిడ ధీమా. చెప్పొద్దూ, అది నిజమే. అయితే ఆ నిజాన్ని ఫ్లెక్సీ మీద వేయించుకోవడం మాత్రం ఆవిడకి ఎప్పుడూ తోచలేదు.

రుచితకి తోచింది. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ దిగంగానే కనపడుతుంది బోర్డు. 'మీ తర్వాత మీవాళ్ళు కలిసే ఉండాలి' అని పెద్ద అక్షరాలు. కింద రుచిత అండ్ అసోసియేట్స్, ఎస్టేట్ ప్లానింగ్. పక్కన నల్లకోటులో ఆ పిల్ల నవ్వుతూ. ఆరేళ్ళ కింద ఇదే గదిలో కిటికీ పక్క బల్ల మీద టైపు కొట్టిన పిల్ల, లంచ్ బాక్సులో రోజూ దొండకాయ కూర తెచ్చుకున్న పిల్ల. ఎస్టేట్ ప్లానింగట! ఈ కృష్ణా జిల్లాలో ఎవరికున్నాయమ్మా ఎస్టేట్లు? ఇంత మాగాణీ, ముందు వసారా ఉన్న డాబా ఇల్లూ, నాలుగు కాసుల బంగారమూ. దానికి ప్లానింగేమిటి? అలా అనుకుంటూనే, ఆటో అటు వెళ్ళినప్పుడల్లా ఆవిడ మెడ తిప్పి మరీ ఆ బోర్డు చూస్తుంది. ఒకసారైతే లైటు పోయి ఉంటే ప్రాణానికి ఎంత హాయిగా అనిపించిందో. మర్నాటికి బాగు చేసేశారు.

శనివారం మధ్యాహ్నం, మరచిపోయిన గొడుగు కోసం రత్తయ్య మళ్ళీ వచ్చి, ఒక కరపత్రం బల్ల మీద వదిలేసి పోయాడు. పటమటలో కళ్యాణ మండపం, ఆదివారం ఉదయం పది గంటలకి, వీలునామాల మీద ఉచిత అవగాహన సదస్సు, తర్వాత టిఫిన్. వెనక పక్క 'చెయ్యకూడని తప్పులు' అని ఓ పది పాయింట్లు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంది. జూనియర్ల డ్రాఫ్టులు దిద్దినట్టు మొదటి నుంచీ దిద్దడం మొదలుపెట్టింది. ఒకటో పాయింటు సరే. రెండోదీ సరే. మూడోదానిలో ఏదైనా దొరుకుతుందనుకుంది, దొరకలేదు. నాలుగోది ఆవిడ స్వయంగా ఆ పిల్లకి నేర్పిందే, మాట కూడా మార్చలేదు. దాని పక్కన టిక్కు పెట్టబోయి మానేసింది. ఏడో పాయింటు దగ్గర పెన్ను ఆగింది.

'ఆస్తి ఎవరికి రాస్తున్నారో వారిచేత గానీ, వారి భర్త లేక భార్యచేత గానీ సాక్షి సంతకం పెట్టించరాదు. పెట్టిస్తే వారికి రాసింది చెల్లదు.'

"ఛాయా! చూశావుటే, నా మీదే రాసింది!"

ఛాయాదేవి వచ్చి తొంగి చూసింది. "మీ పేరెక్కడుందండీ?"

"పేరెందుకు? అల్లుడి సంతకం అంటే విజయవాడ బార్ అసోసియేషన్‌లో ఎవరిని తలుచుకుంటారు?"

అప్పుడు దింపింది అలమారలోంచి వారసత్వ చట్టం పుస్తకాన్ని. అట్ట ఊడిపోయి, దారంతో కట్టి ఉంది. చాలా ఏళ్ళయింది దాన్ని ఆ ప్రకరణం దగ్గర తెరిచి. ఏడో పాయింటు అరవై ఏడో సెక్షను. హిందువులకి ఏ సెక్షన్లు వర్తిస్తాయో చివర పట్టిక ఉంటుంది. వేలితో ఒక్కొక్క అంకే చూసుకుంటూ వెళ్ళింది. అరవై మూడు ఉంది. అరవై నాలుగు ఉంది. అరవై ఎనిమిది ఉంది. అరవై ఏడు లేదు! మళ్ళీ చూసింది. లేదు గాక లేదు. సాక్షి సంతకం పెట్టినవాడి ఇంటికి రాసింది చెల్లదనే నిబంధన హిందువులకి పెట్టనేలేదు.

ఎన్నాళ్ళయిందో ఆవిడ అంత సంతోషపడి. లేచి ఫ్యాను రెండు పాయింట్లు పెంచి, ఛాయాదేవిని కిందికి పంపి రెండు టీలు తెప్పించింది. "రేపు పొద్దున్నే తయారుగా ఉండు, మనమూ సదస్సుకి వెళ్తున్నాం" అంది.

కళ్యాణ మండపం కిటకిటలాడుతోంది. అంతమందిని చూడగానే ఆవిడ ఉత్సాహం సగం చచ్చింది. బ్యాంకు పెన్షనర్లూ, టీచర్లూ, పొలాలమ్మి అపార్ట్‌మెంట్లు కొనుక్కున్న రైతులూ, భార్యల చేతులు పట్టుకుని మరీ వచ్చారు. గుమ్మంలో ఒకమ్మాయి పన్నీరు చిలకరిస్తోంది! చావు గురించి చెప్పే మీటింగుకి పన్నీరా? ఆవిడ ఈసడించుకుంటూనే చెయ్యి చాపింది.

వేదిక మీద రుచిత మంగళగిరి చీరలో, చేతిలో మైకు, మెళ్ళో సన్న గొలుసు. వెనక తెర. ఆ పిల్ల మాట్లాడుతుంటే జనం నవ్వుతున్నారు. అదే ఆవిడ తట్టుకోలేకపోయింది. ఆవిడ గదిలో వీలునామా అంటే ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుంటారు, మగవాళ్ళు గొంతు సవరించుకుంటారు. ఇక్కడ ఒక ముసలాయన లేచి, "అమ్మా, నేను పోయాక మా ఆవిడ నా స్కూటరు అమ్మకుండా రాయొచ్చా?" అంటే ఆయన పెళ్ళామే అందరికన్నా గట్టిగా నవ్వింది. ఇంత తేలిగ్గా ఎలా చేసింది ఈ పని? ఎవరు నేర్పారు? నేనైతే నేర్పలేదు.

పక్కన ఛాయాదేవి కూడా నవ్వింది. ఆవిడ చూసేసరికి పైట సర్దుకుంది.

ఏడో పాయింటు తెర మీదికొచ్చింది. రుచిత చదివి, "కాబట్టి కూతురికి రాసేటప్పుడు అల్లుణ్ణి సాక్షిగా పిలవకండి. ఆయనకి కాఫీ ఇచ్చి బయట కూర్చోబెట్టండి" అంది. మళ్ళీ నవ్వులు.

బాలాత్రిపురసుందరి లేచి నిలబడింది.

"మైకు ఇలా ఇప్పించమ్మా."

రుచిత ఆవిణ్ణి అప్పుడే చూసింది. మొహం విప్పారింది. "మేడమ్! మీరొచ్చారా!" అని వేదిక దిగబోయింది.

"అక్కడే ఉండు. ఒక చిన్న సందేహం. నువ్వు చెప్పేది అరవై ఏడో సెక్షన్ గురించేనా?"

"అవును మేడమ్."

"అది హిందువులకి వర్తించదమ్మా. పట్టిక తీసి చూసుకో. హిందువుల వీలునామాలో అల్లుడు కాదు కదా, అల్లుడి తాతొచ్చి సాక్షి సంతకం పెట్టినా దివ్యంగా చెల్లుతుంది. ఇంతమందిని కూర్చోబెట్టి లేనిపోని భయాలు పెట్టకూడదు."

హాలంతా గొల్లున నవ్వింది. ముందు వరసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, వెనక్కి పాకాయి. ఎన్నేళ్ళుగానో కడుపులో పెట్టుకున్న మంట మీద చల్లటి మజ్జిగ పోసినట్టుంది ఆవిడకి. ఇంకొక్క మాట అని కూర్చుందామనుకుంది. "ఆ సెక్షన్ పెట్టింది ఎవరికంటే, పార్సీలకి, క్రైస్తవులకి..."

అక్కడ ఆగిపోయింది.

శౌరమ్మ. గుణదల. రిటైర్డ్ హెడ్ నర్సు. వీలునామాలో ఇల్లు కూతురు సుజాతకి. రెండో సాక్షి, సుజాత భర్త మరియదాసు. పెన్ను చేతిలో పెట్టింది తనే. ఆ రోజూ ఇదే మాట అంది, అల్లుడు సంతకం పెట్టాడంటే ఇంక ఇంట్లో ఎవరూ నోరెత్తలేరని. మైకులో ఆవిడ ఊపిరి అందరికీ వినపడుతోంది.

"మేడమ్ చెప్పింది నిజం" అంటోంది రుచిత పైనుంచి. "నేనది విడగొట్టి రాయాల్సింది. సరిదిద్దుకుంటాను. అందరూ వినండి, ఈవిడ దగ్గరే నేను పని నేర్చుకున్నాను. మా మేడమ్‌గారికి ఇంకోసారి చప్పట్లు కొట్టండి!"

కొట్టారు. మొదటి చప్పట్లు ఎంత హాయిగా ఉన్నాయో, ఇవి అంత దెబ్బలు దెబ్బలుగా తగిలాయి. ఆవిడ టిఫిన్ తినకుండానే ఛాయాదేవిని లాక్కుని బయటపడింది. "ఉప్మా జీడిపప్పుతో చేశారండీ" అని ఛాయాదేవి గొణుగుతోంది.

ఆఫీసుకెళ్ళి ఫైలు తీసింది. ఇంకోలా ఉంటే బాగుండునని దారంతా మొక్కుకుంది గానీ, కాగితం కాగితమే. శౌరమ్మ గుండ్రటి సంతకం, కింద ఛాయాదేవి, దాని కింద మరియదాసు, ఆటోనగర్. లేతు మిషను మీద పనిచేసే మనిషి, పెన్ను గట్టిగా నొక్కడంతో కాగితం వెనక అక్షరాలు తేలాయి. ఆ ఇంటి పై అంతస్తు మరియదాసే ఆదివారాలు పని మానుకుని దగ్గరుండి కట్టించాడని ఆ రోజు శౌరమ్మ చెప్పింది. కొడుక్కి నిడమానూరు స్థలం ఎప్పుడో ఇచ్చేశాననీ, వాడు అది అమ్ముకుని మళ్ళీ ఇంటి మీద పడ్డాడనీ, అందుకే ఇల్లు మాత్రం కూతురికని కూడా చెప్పింది. ఇప్పుడా కూతురికి రాసింది చెల్లదు. శౌరమ్మ కళ్ళు మూస్తే ఇంట్లో సగం తిన్నగా ఆ కొడుక్కి పోతుంది. కారణం, మరియదాసు సంతకం. కాదు, అది పెట్టించిన మనిషి.

ఆవిడ బీరువాలో ఫైళ్ళన్నీ దింపించింది. క్రైస్తవుల వీలునామాలు పందొమ్మిది. వాటిలో అల్లుడో, కోడలో, భర్తో సాక్షిగా ఉన్నవి శౌరమ్మది కాక పదకొండు.

"ఇప్పుడేం చేద్దామండీ?" అంది ఛాయాదేవి.

"ఏముంది, ఎవరికి తెలుసు?" అనేసింది. అని, అన్నందుకు తనకే భయమేసింది.

సోమవారం పొద్దున్న మరియదాసుకి ఫోన్ చేసింది. ఎత్తగానే వెనక ట్రాలీ చక్రాల చప్పుడు. అత్తయ్య బాత్‌రూమ్‌లో జారిపడిందండీ, తుంటి ఎముక విరిగింది, రేపు పొద్దున్నే ఆపరేషనండీ అన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు కదా, గుండె కూడా కొంచెం వీకన్నారండీ అని కూడా అన్నాడు.

ఆవిడ మారు మాట్లాడకుండా వీలునామా కొత్తగా టైపు చేయించింది. పాతదాన్ని రద్దు చేస్తున్నానన్న వాక్యం పైన, హద్దులు కింద, అన్నీ రెండుసార్లు చూసుకుంది. ఛాయాదేవిని వెంటబెట్టుకుని మధ్యాహ్నానికి హాస్పిటల్‌కి చేరింది. శౌరమ్మ మంచం మీద దిండ్లకి ఆనుకుని, కళ్ళజోడుతో పేపరు చదువుతోంది. మనిషి స్పష్టంగా ఉంది. కానీ నొప్పికి సెలైన్‌లో మందు ఎక్కుతోంది. ఆపరేషన్‌కి ముందురోజు, మందు ఎక్కుతుండగా పెట్టిన సంతకం! ఆ కొడుకు కోర్టుకెక్కితే మొదటి మాట అదే అంటాడు. శౌరమ్మకి మతి నిలకడగా ఉందని డాక్టరు రాసిచ్చి తీరాలి.

డ్యూటీ డాక్టరు వింటూనే చేతులు పైకెత్తాడు. "అలాంటివి మేం రాయమండీ. రేపు కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు?" పెద్ద డాక్టరు ఊళ్ళో లేడు. ఎదురుగుండా క్లినిక్‌లో ఆయన పేషెంట్ ఎవరో తెలియకుండా సంతకం పెట్టనన్నాడు. పక్క మంచం వాళ్ళు సాక్షి అనే మాట వినగానే కర్టెన్ లాగేసుకున్నారు. మూడు దాటింది. ఆరు గంటలకి శౌరమ్మని ఎవరినీ లోపలికి రానివ్వని గదికి మార్చేస్తారట.

ఆవిడ కారిడార్‌లో ఇనుప కుర్చీలో కూర్చుని ఫోన్ తీసింది. రుచిత నంబరు ఇంకా 'రుచిత టైపు' అనే ఉంది. ఆ పిల్లకి డాక్టరు ఉన్నాడు. ఆ కరపత్రంలోనే వేసింది, ఇంటికైనా హాస్పిటల్‌కైనా డాక్టర్ వచ్చి సర్టిఫికెట్ ఇస్తారని. మొన్న దాన్నే చూసి, ఇదేమన్నా పెళ్ళి భోజనాల కేటరింగా అని వెక్కిరించింది తను. ఇప్పుడా డాక్టరే కావాలి. ముందు ఛాయాదేవి చేత చేయిద్దామనుకుంది. సిగ్గేసి తనే చేసింది.

"మేడమ్?"

"నీ దగ్గర డాక్టరున్నాడుట కదా."

"ఏ హాస్పిటల్ మేడమ్?"

"ఎవరికి, ఎందుకు అని అడగవేం?"

"వచ్చాక మాట్లాడుకుందాం మేడమ్. బెడ్ నంబరు చెప్పండి."

నలభై నిమిషాల్లో వచ్చింది. పక్కన జయకృష్ణ అనే నడివయసు డాక్టరు. ఆయన స్టూలు లాక్కుని శౌరమ్మ పక్కన కూర్చుని, ఈవాళ ఏ వారం, పిల్లలెంతమంది, ఇల్లెక్కడ అని తీరిగ్గా అడిగాడు. శౌరమ్మ అన్నీ చెప్పి, "బీపీ మళ్ళీ చూడు బాబూ, పట్టీ వదులుగా కట్టావు" అంది. ఆయన నవ్వుకుంటూ సర్టిఫికెట్ రాశాడు. రుచిత ఫోన్‌లో వీడియో తీసింది. కాగితాలు చదవలేదు. సంతకం చోటు తప్ప మిగతా పేజీ మీద తెల్ల కాగితం కప్పి పెట్టుకుంది, సాక్షికి లోపల ఏముందో తెలియాల్సిన పని లేదని. అది బాలాత్రిపురసుందరి అలవాటే, అచ్చంగా అలాగే కాగితం మూల వంచి మరీ.

అంతా బాగానే నడుస్తుండగా శౌరమ్మ పెన్ను ఆపింది. "ఏవమ్మా, ఒకసారి పెట్టాను కదా. మళ్ళీ ఎందుకు?"

"కొత్త రూలొచ్చిందండీ" అంది బాలాత్రిపురసుందరి. నోట్లోంచి జారిపోయింది. మంచం కాళ్ళ దగ్గర మరియదాసు, సుజాత నిలబడి ఉన్నారు. పక్కన రుచిత. రుచిత పట్టుకున్న ఫోన్ కదల్లేదు.

శౌరమ్మ ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూసి, సంతకం పెట్టింది. తర్వాత డాక్టరు, ఆ తర్వాత రుచిత. ఇల్లు నిలబడింది.

డాక్టరుని కిందికి పంపించేసి వచ్చి రుచిత కారిడార్‌లో పక్క కుర్చీలో కూర్చుంది.

"ఆ పాతది టైపు కొట్టింది నేనే మేడమ్. రెండో సాక్షి మరియదాసు అని. అప్పుడు నాకూ తట్టలేదు. నిన్న మీరు క్రైస్తవులకి అని ఆగిపోయారు చూడండి, అప్పుడు నాకూ గుండె జారింది."

"మరి నిన్ననే ఎందుకు చెయ్యలేదు ఫోను?"

"మీరే చేస్తారని."

"చెయ్యకపోతే?"

"ఇవాళ సాయంత్రం దాకా చూసి నేనే వచ్చేదాన్ని."

ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది, కృతజ్ఞతతో కాదు. ఒక్క వెటకారం ఆడినా బాగుండును. నిన్న అందరి ముందూ నన్నలా అన్నారు కదా, ఇప్పుడేమైంది అని ఒక్క మాటంటే ఎదురు తిరిగి అరిచేది, కడుపులో మంటకి కాస్త దారి దొరికేది. ఈ పిల్ల ఆ దారీ ఇవ్వడం లేదు. బోర్డు దానిదే, జనం దానివాళ్ళే, డాక్టరూ దానివాడే, ఆఖరికి మంచితనం కూడా దానికేనా?

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి మేడమ్?" అంది రుచిత మెల్లగా.

"పదకొండు."

"ఒక పని చేద్దాం. మా ఆఫీసు నుంచి ఆ పదకొండుమందికీ ఉత్తరాలు పంపుతాను. పాత వీలునామాలు ఉచితంగా సరిచూస్తున్నామని రాస్తాను. వాళ్ళే వస్తారు. కొత్తవి రాసిచ్చేస్తాం. ఎక్కడా మీ పేరు రాదు, తప్పు అనే మాటే రాదు. ఎవరికీ తెలియదు మేడమ్."

ఎవరికీ తెలియదు. నిన్న బీరువా ముందు తను అన్నదీ అదే. ఎంత నున్నగా ఉందో ఆ మాట. బాలాత్రిపురసుందరి ఒక్క నిమిషం ఆ ఉత్తరాన్ని ఊహించుకుంది. పైన రుచిత పేరు, బంగారు రంగులో, తళతళా.

"నా తప్పుక్కూడా నీ లెటర్‌హెడ్డేనా?"

"అయ్యో, అది కాదు మేడమ్, నా ఉద్దేశం..."

"నీకు ఫ్లైఓవర్ పక్కన బోర్డుంది. ఏసీ ఉంది. రత్తయ్య ఉన్నాడు. నా జాబితాలో సగం మంది నీ దగ్గరున్నారు. ఈ తప్పొక్కటే పూర్తిగా నాది. ఇది నీకివ్వను."

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇందులో గొప్పతనమేమీ లేదు. ఆ నిమిషాన ఆవిడ చేత ఆ మాట అనిపించింది శుద్ధ అసూయే. కానీ అనేశాక వెనక్కి తీసుకోడానికి లేకుండా పోయింది. ఆవిడ లేచి వార్డులోకి నడిచింది. మంచం పక్కన నిలబడి, సుజాతా మరియదాసూ వింటుండగానే, "శౌరమ్మగారూ, ఇందాక అబద్ధమాడాను. కొత్త రూలేం రాలేదు. రూలు పాతదే. తప్పు నాది. మీ అల్లుడిచేత సాక్షి సంతకం పెట్టించకూడదు, నేను పెట్టించాను" అంది.

మరియదాసు తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

శౌరమ్మ కళ్ళజోడు తీసి దుప్పటితో తుడుచుకుంది. "నలభై ఏళ్ళు వార్డుల్లో పనిచేశానమ్మా. ఒక మందు బదులు ఇంకో మందు ఇచ్చినవాళ్ళ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. సంతకం పెడుతూనే చూశాను" అంది. తర్వాత, "ఎవరికీ చెప్పకుండా ఉండిపోతే ఆ తప్పు ఇంకా పెద్దదవుతుంది. ఇంకా ఎవరన్నా ఉన్నారా ఇలాగ?" అని అడిగింది.

"ఉన్నారండీ."

"మరి ఇక్కడ నిలబడ్డావేం?"

మంగళవారం పదకొండు గంటలకి ఆపరేషన్ బాగా అయిందని మరియదాసు ఫోన్ చేశాడు. ఛాయాదేవి అప్పటికి పదకొండు ఫైళ్ళూ బల్ల మీద పేర్చింది. బాలాత్రిపురసుందరి మొదటిది తెరిచింది. సువార్తమ్మ, రిటైర్డ్ టీచరు, గుడివాడ. ఇల్లూ, పక్కన రెండు కొట్లూ చిన్న కూతురికి. రెండో సాక్షి చిన్నల్లుడు. ఫైలు మీద చూసుకుంటూ నంబరు నొక్కింది. ఛాయాదేవి ఎందుకో లేచి కిటికీ దగ్గరికి పోయి, అటు తిరిగి నిలబడింది.

అవతల వయసు మీదపడ్డ గొంతు పలికింది. "ఎవరూ?"

"సువార్తమ్మగారేనాండీ? మీ వీలునామా రాసిన లాయర్ని మాట్లాడుతున్నాను. దాంట్లో ఒక తప్పు దొర్లిందండీ. ఇప్పుడలాగే వదిలేస్తే మీ చిన్నమ్మాయికి మీరు రాసింది చెల్లదు. మళ్ళీ రాయించుకోవాలి. మీరు రావక్కర్లేదు, నేనే మీ ఇంటికొస్తాను."

"అయ్యో దేవుడా! చెల్లదా? ఇదేంటమ్మా, అంత పేరున్నదానివి... ఏ లాయరమ్మా నువ్వు? ఆ బెంజి సర్కిల్ దగ్గర పెద్ద బోర్డుంటుందే, ఆవిడవేనా?"

ఊఁ అంటే చాలు. ఊఁ అనక్కర్లేదు కూడా, ఊరుకుంటే చాలు. ఈ సాయంత్రానికి గుడివాడ చర్చి అంతా చెప్పుకుంటారు, ఆ బోర్డు లాయరమ్మ రాసిన వీలునామాలు చెల్లవట అని. ఆర్నెల్లు తిరిగేసరికి ఏలూరు దాకా పాకుతుంది. రెండేళ్ళుగా ఏ దేవుడికి మొక్కినా దొరకనిది, ఇదుగో, పిలిచి చేతిలో పెడుతున్నారు.

"వినపడుతోందా అమ్మా? ఆవిడేనా?"

"కాదండీ" అంది బాలాత్రిపురసుందరి. "ఆ అమ్మాయి రాసినవి అన్నీ చెల్లుతాయి. ఆ పిల్లకి దీంతో ఏ సంబంధమూ లేదు. నాది గవర్నర్‌పేట, మేడ మీద చిన్న ఆఫీసు. పేరు బాలాత్రిపురసుందరి. మీరు మర్చిపోయుంటారు. తప్పు చేసింది నేను."

ఆవిడ ఫోన్ పెట్టెయ్యకుండా అలాగే చెవికి ఆనించుకుని, అవతలి నుంచి ఏ మాటొచ్చినా విందామని కూర్చుంది.